మాలక్ లేని క్లబ్బు, మామ మంజూరు

చక్కెర జబ్బుకు డాక్టరు నన్ను రోజూ పొద్దున నలభై నిమిషాలు నడవమన్నాడు. నాందేడులో మా వీధిలో అయిదున్నరకు నడవాలంటే ముందు కుక్కలతో ఒప్పందం చేసుకోవాలి. అది కుదరక నేను హాల్లోనే భోజనాల బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. బల్ల చుట్టూ తిరిగేవాళ్ళకు గానుగెద్దులాగా కళ్ళకు గంతలైనా ఉండాలి, చూడ్డానికి ఏదైనా ఉండాలి. అందరూ పడుకుని ఉంటారు కాబట్టి టీవీకి ఆవాజు పెట్టకూడదు. ఆవాజు లేని సీరియల్లో ఏడుపులు తప్ప ఏమీ అర్థం కావు. ఆవాజు లేని వార్తల్లో తెరిచిన నోళ్ళు తప్ప ఏమీ కనబడవు. మార్చుకుంటూ పోతుంటే ఒకరోజు ఫుట్‌బాల్ తగిలింది. దక్షిణ అమెరికాలో అప్పుడు రాత్రి, మనకు తెల్లవారుజాము. ఒక సగం ఆట నలభై అయిదు నిమిషాలు. డాక్టరు లెక్కకు అయిదు నిమిషాలు ఎక్కువే పడుతుంది.

రెండు జట్లలో ఒకదాని చొక్కా రంగు నా పెళ్ళిచీర అంచు రంగు. అంతే, ఆ జట్టు మాదైపోయింది. ఏ రంగో చెప్పను, ఏ క్లబ్బో చెప్పను. ఇది మా మామ పెట్టిన షరతు. పేరు రాస్తే అవతలి క్లబ్బువాళ్ళు దిష్టి పెడతారని ఆయన భయం. వాళ్ళకు తెలుగు రాదు మామా అంటే, "దిష్టికి బాస ఎందుకు?" అన్నారు. నిజమే మరి.

మామ అంటే మా ఆయన తండ్రి. దెగలూరు తాలూకాలో, మర్ఖేల్ దగ్గర పల్లెలో చెరకు పండించిన రైతు. అత్త పోయాక మాతో నాందేడు వచ్చారు. నాలుగున్నరకే లేచి, స్నానం చేసి, ఇక ఎవరైనా లేస్తే బాగుండునని కూర్చునే మనిషి. నన్ను టీవీ ముందు చూసిన మొదటి రోజు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంది బిడ్డా, గింత పొద్దుగాల గిట్ల చుట్టు తిరుగుతున్నవు?"

"డాక్టరు నడువుమన్నడు మామా."

"నడువుమన్నడు సరే. టీవీ సూడుమన్నడా?"

అని కూర్చున్నారు. మర్నాడు కూడా కూర్చున్నారు. ఎవరైనా కాలు అడ్డం పెట్టి పడగొడితే "లబాడ్!" అని, అంటే మోసగాడా అని, తిట్టడం మూడో రోజుకు మొదలైంది. నేను మాత్రం ఆయనకు చాయ్ పెట్టడం దగ్గర ఎప్పటిలాగే చిరాకు పడుతూనే ఉన్నాను. ఆ చిరాకు సంగతి ఇక్కడే చెప్పాలి.

మా మామ దేనికీ ఒక్కసారికి అవుననరు. "చాయ్ తాగుతరా మామా?" అంటే "మల్ల చెప్పు" అంటారు. మళ్ళీ చెబితే కాసేపు ఆలోచించి, "ఏం చాయ్?" అంటారు. మూడోసారి అడిగితే "సూద్దాం" అంటారు. చాయ్‌లో చూడ్డానికి ఏముంటుంది! మా పెళ్ళి మాటలప్పుడు కూడా ఇదే వరస. పెద్దలంతా అన్నీ మాట్లాడి ముగించాక ఈయన "మల్ల చెప్పున్రి" అని మూడుసార్లు అడిగేసరికి, నిజామాబాద్ నుంచి వచ్చిన మా నాన్నకు ఒళ్ళు మండింది. సంబంధం ఇష్టం లేదేమో అనుకుని లేవబోయాడట. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసి నేను తేల్చుకున్నది ఒక్కటే, ఆయనకు చెవుడని. చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోయాను. ఆ డాక్టరు యంత్రాలన్నీ పెట్టి చూసి, "వీరి చెవులు మీ చెవుల కంటే బాగున్నాయి" అన్నాడు. మామ బయటికొచ్చి నా వైపు ఒక చూపు చూసి చెప్పులు వేసుకున్నారు. ఏదైనా అంటే బాగుండేది.

సరే, ఫుట్‌బాల్. ఒక పొద్దున మామ అడిగారు.

"గీ టీముకు మాలక్ ఎవలు?"

యజమాని ఎవరని. మా బజారులో దేన్ని చూసినా ముందు అడిగే ప్రశ్న అదే. నాకు తెలియలేదు. పంపుసెట్లు, పైపులు అమ్మే మా ఆయన నిద్రలోనే "ఎవడో కంపెనీవాడు ఉంటడు" అన్నారు. నేను నడక ఆపి ఫోన్‌లో వెతికాను. వెతికితే తేలింది, ఆ క్లబ్బుకు మాలక్ లేడు.

"ఎవలు లేరు మామా. మెంబర్లే మాలకులు. వాళ్లే ఓట్లేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటరట."

"మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన "ఏం మెంబర్లు?" అనలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగారు. "అంటె సభాసదులు" అన్నారు మెల్లగా. "మన కార్ఖానా లెక్కనే."

మా వైపు రైతులకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. చెరకు పండించే రైతులంతా కలిసి సహకార పద్ధతిలో చక్కెర కార్ఖానా పెట్టుకున్నారు. వాటా ఉన్న ప్రతి రైతూ సభాసదుడు, అంటే ఒక చిన్న మాలక్. దీపావళికి సభాసదు కార్డు చూపిస్తే తక్కువ ధరకు చక్కెర ఇచ్చేవారు. మా మామ ఆ సంచి భుజాన వేసుకుని ఊరి నడుమ నుంచే ఇంటికి వచ్చేవారట, దగ్గరి దారి ఉన్నా. ఆ చక్కెరతో చేసిన లడ్డూలు తియ్యగా ఉంటాయని, బజారు చక్కెర చప్పగా ఉంటుందని మా అత్త చివరి దాకా నమ్మింది. తర్వాత కార్ఖానా ప్రైవేటువాళ్ళ చేతికి పోయింది. ఇది నాకు తెలుసు. ఎలా పోయిందో మాత్రం మామ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజు నుంచి నా నడకకు కొత్త పని తగిలింది. రాత్రి పనులు కాగానే క్లబ్బు చరిత్ర చదువుకోవడం, పొద్దున బల్ల చుట్టూ తిరుగుతూ మామకు చెప్పడం. నూరేళ్ళ కిందట సముద్రం దాటి బతకడానికి వచ్చినవాళ్ళ పిల్లలు, రైలు షెడ్లలో, ఓడరేవులో పనిచేసేవాళ్ళు, బొగ్గు కుప్పల వెనక ఖాళీ జాగాలో ఆడటం మొదలుపెట్టారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. "మన లెక్కనే" అన్నారు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే మామ. సొంత మైదానం కట్టుకునేటప్పుడు సభ్యులు ఆదివారాలు వచ్చి ఇటుకలు మోశారు. "మేం గూడ పునాదికి బండ్ల మీద రాళ్లు తోలినం" అన్నారు మామ. ఆ క్లబ్బులో ఈతకొలను ఉంది, పిల్లలకు బడి ఉంది, ముసలివాళ్ళు పేకాడుకోవడానికి గది ఉంది. పేకాట గది సంగతి ఆయనకు బాగా నచ్చింది. కొందరు అధ్యక్షులు క్లబ్బును ముంచారు. అప్పుడు సభ్యులే గేటు ముందు కూర్చుని, తాళం పడకుండా కాపాడుకున్నారు. ఇది చెప్పిన పొద్దున మామ లేచి బాల్కనీలోకి పోయారు. అక్కడ తులసికి పోసిన నీళ్ళే మళ్ళీ పోశారు.

దూరదేశాల వాళ్ళు కూడా సభ్యులు కావచ్చని తెలిసి ఆయన పుట్టినరోజుకు నేను సభ్యత్వం కట్టాను. ముందు అడిగితే "మల్ల చెప్పు" దగ్గరే ఆగిపోతుందని అడగకుండానే కట్టాను. రెండు నెలలకు కార్డు వచ్చింది. మామ ఫొటో, ఒక నంబరు, నా పెళ్ళిచీర అంచు రంగులో గీతలు. మామ అద్దాలు పెట్టుకుని ముందూ వెనకా చూశారు.

"గీ కార్డు మీద ఏమిస్తరు బిడ్డా?"

"ఏమియ్యరు మామా. పుట్టినరోజుకు ఒక మెయిల్ పంపుతరు."

"చక్కెర?"

"ఇయ్యరు."

"ఊఁ" అన్నారు. తర్వాత లోపలికి పోయి పెట్టె తీసి, కార్ఖానా పాత సభాసదు కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులోనే దీన్నీ పెట్టుకున్నారు. రెండు కార్డుల్లోనూ ఫొటో ఉంది. ఒకదానిలో మీసం నల్లగా ఉంది, అదొక్కటే తేడా.

ఆ ఏడు వానాకాలం ముందు ఒక వార్త చూశాను. క్లబ్బును కంపెనీగా మార్చి, పెట్టుబడి పెట్టేవాళ్ళ చేతికి ఇవ్వాలా వద్దా అని సభ్యులను అడగబోతున్నారు. ఆ ఖండంలో కొన్ని పెద్ద క్లబ్బులు అప్పటికే అలా చేతులు మారాయి. మామకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు నానబెట్టాను. చివరికి చెప్పాను. ఆయన "మల్ల చెప్పు" అనలేదు. ముఖం పాలిపోయింది.

"అర్జ రాద్దాం" అన్నారు. "సబకు ఏడు రోజుల ముందుగాల సభాసదుడు లిఖితంల అభ్యంతరం ఇయ్యాలె. రూలు."

అక్కడి రూలు ఏమిటో నాకు తెలియదు. కానీ ఆయనను ఆపడం నా తరం కాలేదు. మామ మరాఠీలో చెప్పారు, నేను రాశాను. "మహోదయ్" అని మొదలై, కింద సభాసదు నంబరు, ఊరు, తాలూకా, జిల్లా. తాలూకా రాయకపోతే అర్జీ చెల్లదన్నారు. దాన్ని ఫోన్‌లో స్పానిష్‌లోకి తిప్పి పంపించాను. "పోచ్ తీసుకో" అన్నారు. అందినట్టు రసీదు లేనిదే మా దగ్గర ఏ కాగితమూ కాగితం కాదు. అయిదో రోజు జవాబు వచ్చింది. మీ లేఖ అందింది, దూరాన ఉండే సభ్యులకు ఓటు లేదు, అయినా మీ అభిప్రాయాన్ని కమిటీ ముందు పెడతాం, ఇండియాలో మాకు ఇంత పట్టింపు ఉన్న సభ్యుడు ఉన్నందుకు సంతోషం. ఎవరో క్లార్కు రాసి ఉంటాడు, పుణ్యాత్ముడు. మామ దాన్ని కాగితం మీద తీయించి కవరులో పెట్టుకున్నారు.

ఓటింగు జరిగిన మర్నాడు పొద్దున ఆ వీడియో పెట్టాను. నేను బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మామ తెల్ల ధోతి కట్టి, తెల్ల టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మా వైపు రైతులు సభకు పోయే వేషం అది. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

తెర మీద అక్కడ వాన పడుతోంది. మైదానం గోడ వెంట వరస, గొడుగులు, ప్లాస్టిక్ సంచులు తలకు చుట్టుకున్న ముసలివాళ్ళు, పిల్లను ఎత్తుకున్న ఆడమనిషి. ఒక్కొక్కరే లోపలికి పోయి, కార్డు చూపించి, పెట్టెలో కాగితం వేసి బయటికి వస్తున్నారు. ఆవాజు లేదు. మామ చాలాసేపు చూశారు.

"ఒక్కొక్కలు ఏస్తున్నరా?"

"అవును మామా."

"మంజూర్ అంటలేరా?"

"అంటలేరు."

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను నడక ఆపాను.

"మన కార్ఖానా సబల నేను ఎనుక వరుసల కూసున్న బిడ్డా. ఎండ. ఆకలి. పక్క షామియానల పూరీలు ఏంచుతున్నరు, వాసనొస్తున్నది. సెక్రెటరీ విషయాలు సదువుతుండు. ఒకటో విషయం, మంజూర్. రెండోది, మంజూర్. మైకు కిర్రుకిర్రుమంటున్నది. ఏడోదో ఎనిమిదోదో. అందరు మంజూర్ అన్నరు. నేను గూడ అన్న. చెయ్యి లేపి గట్టిగ అన్న. పూరీలు తిని ఇంటికొచ్చిన. తెల్లారి పేపర్ల సూస్తె, కార్ఖానా ప్రైవేటోళ్లకు ఇచ్చేటందుకు సబ మంజూర్ ఇచ్చిందట."

మా సభల పద్ధతి తెలియనివాళ్ళకు ఇది కథలా ఉంటుంది. తెలిసినవాళ్ళకు తెలుసు. విషయం చదవడం పూర్తి కాకముందే మంజూర్ అనేయడం మాకు మర్యాద. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టే. గుంపులో గోవిందా అనని రైతు మా తాలూకాలో లేడు.

"అందరు అన్నరు కద మామా. మీరొక్కరే అన్నరా?"

"అందర్ల నా గొంతు గూడ ఉన్నది."

"మిమ్ముల గూడ గిట్ల లైన్ల నిలవెడితె..."

"నిలబడేటోళ్లమా ఏమో" అన్నారు. మళ్ళీ, నిజం చెప్పే మనిషి కాబట్టి, "పూరీలు చల్లారుతుండె" అన్నారు.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన మీద జాలితో కాదు, నా మీద సిగ్గుతో. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి చాయ్‌కు కూడా తొందరపడి అవుననడానికి భయపడుతుంటే, నేను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఓటింగులో సభ్యులు వద్దన్నారు. ఈసారికి క్లబ్బు వాళ్ళదే. ఇది మళ్ళీ ముందుకొస్తుందని అక్కడివాళ్ళే రాశారు, వస్తే రానీ. ఆ వారమే మా జట్టు మూడు గోల్స్ తిని ఓడిపోయింది. "మాలక్ ఉంటె వాన్ని తిట్టేటోళ్లం" అన్నారు మామ. "ఇప్పుడు ఎవల్ని తిట్టాలె?" నవ్వుతూనే అన్నారు. అయినా చాయ్‌కు మాత్రం మూడుసార్లు అడగాల్సిందే. కథ చెప్పేసినంత మాత్రాన ఇరవై ఏళ్ళ అలవాటు పోతుందా?

ఇంతలో మా ఫుట్‌బాల్ సంగతి బిల్డింగంతా పాకింది. కింది అంతస్తులోని రిటైర్డు హెడ్‌మాస్టరు ఒకరోజు పేపరు అడగడానికి వచ్చి కూర్చుండిపోయారు. పై అంతస్తు ఆవిడ తన అల్లికలు పట్టుకుని వచ్చింది. పిలవని పేరంటానికి జనం పెరిగి, బల్ల చుట్టూ నడవడానికి నాకు దారి లేకుండా పోయింది. నా చక్కెర జబ్బు సంగతి ఎవరికీ పట్టలేదు. అందుకని హౌసింగ్ సొసైటీ వార్షిక సభకు నేనే ఒక అర్జీ పెట్టాను. కింద ఉన్న సొసైటీ హాలు పొద్దున ఏడు దాకా తీయరు. సభ తర్వాతి ఆదివారం మా క్లబ్బుకూ, అదే నగరంలోని వైరి క్లబ్బుకూ మ్యాచ్. ఆ ఒక్క రోజుకైనా అయిదింటికి హాలు తెరవడానికి అనుమతి కావాలి. తొమ్మిదో విషయంగా రాసుకున్నారు.

సభ ఆదివారం పదకొండింటికి. పక్క వరండాలో మసాలా భాత్ గిన్నె మీద మూత పెట్టి ఉంది, అయినా వాసన ఆగుతుందా? మామ తెల్ల టోపీతో మూడో వరసలో కూర్చున్నారు. ఫ్లాటు కాగితాల్లో మా ఆయన పేరుతో పాటు ఆయన పేరూ ఉంది, అందువల్ల ఆయనా సభాసదుడే. అయినా నాందేడు వచ్చిన ఇన్నేళ్ళలో ఏ సభకూ రాలేదు. ఈసారి పిలవకుండానే వచ్చారు. ఎందుకొచ్చారో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మొదటి విషయం, మంజూర్. రెండోది, మంజూర్. మామ నోరు తెరవలేదు. చెయ్యి లేపలేదు. ఆయన మెడ వెనక చెమట కనబడుతోంది. తొమ్మిదోదానికి సెక్రెటరీ నన్నే చదవమన్నాడు. నేను లేచి "సొసైటీ హాలు" అన్నానో లేదో, భాత్ వైపు చూస్తున్న జనమంతా "మంజూర్! మంజూర్!" అన్నారు. నాకు సంతోషమే. కూర్చోబోయాను.

మామ లేచి నిలబడ్డారు.

"అధ్యక్ష్ మహోదయ్, విషయ్ పున్హా వాచా."

విషయం మళ్ళీ చదవమని. ఇంటి మనిషే, కన్నకొడుకు భార్య అర్జీకే అడ్డం! నాకు చెవులు వేడెక్కాయి. జనం గొణిగారు. మళ్ళీ చదివాను. ఆయన కూర్చోలేదు. మరాఠీలో అడిగారు, తాళం ఎవరు తీస్తారు? నేను తీస్తాను. మళ్ళీ ఎవరు వేస్తారు? నేనే. ఆవాజు పెడతారా, పడుకున్నవాళ్ళ సంగతి? పెట్టం, మేమెప్పుడూ ఆవాజు లేకుండానే చూస్తాం. ఒక్క ఆదివారానికా, ఎప్పటికీనా? ఒక్క ఆదివారానికే. "అయితే అది కాగితంలో రాయండి" అన్నారు. రాసి, మూడోసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఈసారి ఎవరూ తొందరపడలేదు. అందరూ మామ వైపే చూస్తున్నారు.

ఆయన కుడిచెయ్యి సగం దాకా లేచి ఆగింది. గొంతు సవరించుకున్నారు. చెయ్యి పూర్తిగా పైకెత్తారు.

"మంజూర్" అన్నారు.

గట్టిగా అనలేదు. కానీ హాల్లో అది ఒక్కటే గొంతు. తర్వాత అందరూ అన్నారు, హెడ్‌మాస్టరు అన్నారు, పై అంతస్తు ఆవిడ అంది. నాకు మాత్రం ఆ మొదటిదే వినిపించింది. నా అర్జీ గెలిచిందన్న సంతోషం కాదు నాది. ఇరవై ఏళ్ళుగా బిగబట్టుకున్నదేదో ఆ ముసలాయన వదిలిపెట్టారని సంతోషం. భాత్ చల్లారిపోయిందని అందరూ నన్నే తిట్టుకుంటూ తిన్నారు.

ఆ తర్వాతి ఆదివారం అయిదింటికి నేనే తాళం తీశాను. కుర్చీలు గోడకు జరిపి నడవడానికి చోటు చేసుకున్నాను. మామ రెండు కార్డుల కవరు జేబులో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఆట మొదలు కావడానికి ఇంకా కొంచెం సమయముంది. ఫ్లాస్కు మూత తీస్తూ అడిగాను.

"చాయ్ తాగుతరా మామా?"

"చాయ్ పొయ్యి బిడ్డా" అన్నారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. నేను ఒక్కసారే అడిగాను.